బడి సంచిలో పిల్లవాడి మాట: ఆటిజం ఉన్న పిల్లల కోసం బొమ్మల కార్డులు తయారు చేసి వాడే విధానం

సాయంత్రం నాలుగు దాటాక విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక అపార్టుమెంటు ముందు స్కూలు ఆటో ఆగుతుంది. దిగిన ఏడేళ్ల బాబుకి వాళ్లమ్మ ఎదురువచ్చి, "ఈ రోజు బడిలో ఏం చేశావు నాన్నా?" అని అడుగుతుంది. బాబు ఆమె చేతి గాజుల వైపు చూస్తాడు గానీ జవాబు చెప్పడు. డైరీ తెరిస్తే అందులో టీచరు రాసిన ఒక్క వాక్యం ఉంటుంది: "బాగానే ఉన్నాడు." పక్కన కొత్తగా వచ్చి కూర్చున్న పిల్ల, భోజనంలో ఇచ్చిన వేరుశనగ చిక్కీ, ప్రార్థన వేళ మైకు మోతకు చెవులు మూసుకున్న ఆ కాసేపు, ఇవన్నీ ఆ బాబులోనే ఉండిపోతాయి. మాటలు రాని పిల్లలున్న ఇళ్లలోనూ, మాటలు వచ్చినా అవసరమైన సమయానికి నోటికి అందని పిల్లలున్న ఇళ్లలోనూ ఇది రోజూ జరిగేదే.

ఆ పిల్లల కబుర్లు ఇంటి నుంచి బడికీ, బడి నుంచి ఇంటికీ చేరేలా బొమ్మల కార్డులను ఎలా తయారు చేసుకోవాలో, ఎలా వాడాలో ఇక్కడ వివరిస్తున్నాను. విశాఖపట్నంలో ప్రత్యేక విద్యా ఉపాధ్యాయురాలిగా పనిచేస్తూ, తల్లిదండ్రులతోనూ తోటి టీచర్లతోనూ కలిసి నేర్చుకున్న సంగతులివి. బొమ్మల కార్డు అనగానే చాలామంది పెద్దలకు అది పిల్లవాడి చేత మన మాట వినిపించే సాధనంగా తోస్తుంది: కూర్చో, రాయి, అల్లరి చేయకు. ఆ పనికీ అది ఉపయోగపడుతుంది, కాదనను. కానీ బడి సంచిలో ముందుగా ప్రయాణం చేయవలసింది పిల్లవాడి మాట. పెద్దలు ఒకరికొకరు చెప్పుకోవడానికి డైరీ ఉంది, ఫోను ఉంది. ఆ పిల్లవాడికి ఈ కార్డులు తప్ప వేరే ఆధారం లేదు.

బొమ్మే ఎందుకు

నోటిమాట పలికిన మరుక్షణం ఉండదు. బొమ్మ చూసినంతసేపూ ఎదురుగానే ఉంటుంది. ఆటిజం ఉన్న పిల్లలందరూ ఒకేలా ఉండరు గానీ, విన్నదానికంటే చూసినదాన్ని తేలికగా పట్టుకునేవారు వారిలో చాలామంది. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఎరిక్ షాప్లర్ మొదలుపెట్టిన టీచ్ పద్ధతి 1972లో ఆ రాష్ట్రమంతటికీ వర్తించే కార్యక్రమం అయింది. ఇప్పుడు ఏం జరుగుతోంది, అది ఎప్పుడు ముగుస్తుంది, తర్వాత ఏమిటి అనేవి పిల్లవాడి కంటికి కనిపించేలా అమర్చడం దానిలో ముఖ్యం. 1985లో డెలావేర్ రాష్ట్రంలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించిన పెక్స్ పద్ధతిలో పిల్లవాడు బొమ్మను వేలితో చూపించి ఊరుకోడు. దాన్ని తీసుకెళ్లి ఎదుటి మనిషి చేతిలో పెడతాడు. అంటే తానే వెళ్లి ఒక మనిషిని పలకరించినట్టు. ఈ రెండింటి సారాన్నీ మన ఇళ్లకూ మన బళ్లకూ తగినట్టుగా వాడుకోవచ్చు.

"కార్డులు అలవాటైతే ఇక నోరు తెరిచి మాట్లాడడేమో" అని దాదాపు ప్రతి తల్లీ అడుగుతుంది, నాన్నమ్మలైతే మరీ పట్టుబట్టి అడుగుతారు. ఆ భయం సహజమే. ఈ విషయంపై జరిగిన అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు, బొమ్మలు వాడినందువల్ల పిల్లల మాట తగ్గినట్టు తేలలేదు. కొందరిలో కొంత పెరిగింది కూడా. అడిగితే దొరుకుతుందని తెలిసిన పిల్లవాడికి మళ్లీ అడగాలనిపిస్తుంది. ఆ అడగడం కొందరిలో క్రమంగా నోటికి వస్తుంది. రాకపోయినా చెప్పుకోవడానికి అతనికి ఒక దారి మిగులుతుంది. మాటలు వచ్చేదాకా చూద్దామని రెండేళ్లు ఆగిన ఇళ్లు నాకు తెలుసు. ఆ రెండేళ్లూ ఆ పిల్లలు ఏడుపుతోనూ, గిల్లడంతోనూ మాట్లాడవలసి వచ్చింది.

ఏ పిల్లవాడికి ఏ బొమ్మ

కొందరు పిల్లలకు ఫోటో కూడా వట్టి కాగితమే. వారితో వస్తువులతోనే మొదలుపెట్టాలి: స్నానానికి మగ్గు, భోజనానికి చెంచా, బయటికి వెళ్లడానికి చెప్పులు. వస్తువు చేతికిచ్చి వెంటనే ఆ పనికి తీసుకువెళుతూ ఉంటే, కొన్నాళ్లకు మగ్గు కనబడగానే స్నానాల గది వైపు నడవడం చూస్తాం. అప్పుడు అదే మగ్గు ఫోటో ఇవ్వాలి, ఆ తర్వాత గీసిన బొమ్మ. దీనికి భిన్నంగా, సిటీ బస్సుల మీది అంకెలూ ఊళ్ల పేర్లూ చూసి చూసి తమంతట తామే చదవడం నేర్చుకున్న పిల్లలూ ఉంటారు. వారికి బొమ్మకంటే రాసిన మాటే సూటిగా చేరుతుంది. పిల్లవాడి వయసును కాదు, దేన్ని చూసి కదులుతున్నాడో దాన్ని గమనించి ఎంచుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే స్పీచ్ థెరపిస్టు చేత ఒకసారి చూపించుకోవడం మంచిది.

గీసిన బొమ్మలు కావాలనుకునేవారికి స్పెయిన్‌లోని అరగాన్ ప్రాంత ప్రభుత్వం నిర్వహించే అరసాక్ వెబ్‌సైటులో వేల బొమ్మలు ఉచితంగా దొరుకుతాయి; వ్యాపారానికి కాకుండా సొంత వాడకానికి వాటిని ముద్రించుకోవచ్చు. పరుగెత్తడం, నిద్రపోవడం, కోపం వంటి వాటికి అవి చక్కగా సరిపోతాయి. మనుషులకు, తినే వాటికి, వెళ్లే చోట్లకు మాత్రం మన ఫోనుతో తీసిన ఫోటోలే కావాలి. ఆ పిల్లవాడి కంచం, వాళ్ల తాతయ్య, వాడు రోజూ ఎక్కే ఆటో, సాయంత్రం ఆర్కే బీచ్‌లో తినే మురీ మిక్చర్ పొట్లం మరెవరి బొమ్మల సంపుటిలోనూ ఉండవు.

నీళ్ల గ్లాసు

నేను చేసిన ఒక పొరపాటు ఇక్కడ చెప్పాలి. ఒక బాబుకి నీళ్లు అడగడం నేర్పేటప్పుడు బడిలో నేను నీలిరంగు నీటిచుక్క బొమ్మ పెట్టాను. ఇంట్లో వాళ్లమ్మ అతను రోజూ తాగే స్టీలు గ్లాసు ఫోటో పెట్టింది. ఇంట్లో చక్కగా అడుగుతున్నాడని ఆమె, బడిలో అసలు అడగడం లేదని నేను, రెండు వారాలు చెరోమాట చెప్పుకుంటూ వచ్చాం. మార్చి నెలలో ఒక మధ్యాహ్నం ఆ బాబు నా బల్ల దగ్గరికి వచ్చి, కార్డులన్నీ తిరగేసి, నీటిచుక్కను దాటి వెళ్లి, 'చేతులు కడుక్కోవడం' కార్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను అతని చేతులు కడిగించి కూర్చోబెట్టాను. మళ్లీ లేచి అదే కార్డు తెచ్చాడు. మళ్లీ కడిగించాను. మూడోసారి ఆ కార్డును నేలకేసి కొట్టి ఏడ్చాడు. ఆ సాయంత్రం వాళ్లమ్మతో ఫోనులో మాట్లాడుతూ కార్డును చేతిలోకి తీసుకున్నప్పుడు గానీ నాకు కనబడలేదు: ఆ ఫోటోలో కుళాయి పక్కన గట్టు మీద ఒక స్టీలు గ్లాసు ఉంది. అతను అడుగుతూ వచ్చింది మంచినీళ్లు. అతని మాటలో తప్పు లేదు. మేమిద్దరం ఒకే సంగతికి రెండు భాషలు నేర్పాం.

అందుచేత ఒక కార్డు కూడా కత్తిరించకముందే ఇంటివారూ బడివారూ కూర్చుని మొదటి పది పన్నెండు మాటల పట్టిక రాసుకోవాలి. ఒక మాటకు ఒకే బొమ్మ, రెండు చోట్లా అదే బొమ్మ. పట్టికలో తినేవే నిండిపోకూడదు. పిల్లవాడికి ఇష్టమైనవి నాలుగైదు, 'వద్దు', 'చాలు', 'ఇంకా', 'సాయం', 'బాత్రూం', 'నొప్పి', ఇద్దరు ముగ్గురు మనుషులు ఉంటే అది సమతూకంగా ఉంటుంది.

బొమ్మ కింద మనం పలికే మాట గురించి కూడా ముందే అనుకోవాలి. ఇంట్లో 'మంచినీళ్లు' అనేది బడిలో 'వాటర్' అవుతుంది. నౌకాదళం, పోర్టు, ఉక్కు కర్మాగారం ఉన్న ఈ నగరంలో ఇంట్లో ఒడియానో హిందీనో మాట్లాడే పిల్లలు తెలుగు ఆయా దగ్గర, ఇంగ్లీషు మీడియం టీచరు దగ్గర రోజంతా గడపడం మామూలు విషయం. ఇంటి భాష మానేసి ఇంగ్లీషులోనే మాట్లాడమని తల్లిదండ్రులకు చెప్పే సలహాను నేను ఒప్పుకోను. బొమ్మ ఒక్కటే అయితే దాని మీద రెండు మాటలు రాసుకోవచ్చు. ఆ రెండూ ఒకటేనని పిల్లవాడికి ఆ బొమ్మే చెబుతుంది. ఇంటివారి పిలుపులను కూడా ఉన్నవి ఉన్నట్టే రాయాలి. అమ్మమ్మను ఆ ఇంట్లో 'మామ్మ' అంటే కార్డు మీద 'మామ్మ' అనే ఉండాలి.

సముద్రపు గాలికి నిలిచే కార్డు

ఫోటో తీసేటప్పుడు వస్తువును మడతలు లేని ఒకే రంగు గుడ్డ మీద పెట్టి, దాని పక్కన మరేదీ లేకుండా చూసుకోవాలి. ఎందుకో పై సంగతి చదివినవారికి చెప్పనక్కరలేదు. అయిదు సెంటీమీటర్ల చదరం చిన్న చేతికి సరిపోతుంది. మాటను బొమ్మకు పైన రాస్తే, పిల్లవాడు బొమ్మ మీద వేలు పెట్టినప్పుడు ఎదుటివారికి ఆ మాట కనబడుతుంది.

విశాఖలో గాలి తేమగా, ఉప్పగా ఉంటుంది. జిరాక్స్ షాపులో కాగితం మొత్తాన్ని లామినేషన్ చేయించి తర్వాత ముక్కలుగా కత్తిరిస్తే ప్రతి కార్డుకూ అంచులు తెరుచుకునే ఉంటాయి. ఒక వానాకాలం గడిచేసరికి తేమ లోపలికి చేరి బొమ్మ మచ్చలు పడుతుంది. ముందు కార్డులను విడివిడిగా కత్తిరించి, మధ్యలో ఖాళీ ఉండేలా లామినేషన్ ప్లాస్టిక్ కవరులో (పౌచ్‌లో) పేర్చి, లామినేషన్ అయ్యాక చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్ల అంచు వదిలి కోయించుకోవాలి. మూలలను గుండ్రంగా కత్తిరించకపోతే అవి చేతికి, పెదవికి గుచ్చుకుంటాయి. 125 మైక్రాన్ల పౌచ్ అడిగి తీసుకుంటే నమిలే అలవాటున్న పిల్లల చేతిలో కూడా కొంత కాలం నిలుస్తుంది.

వెల్క్రోలో మెత్తని వైపు ఒకటి, గరుకు వైపు ఒకటి ఉంటాయి. నేను మెత్తనిది కార్డుకి, గరుకుది కార్డులు అంటించి ఉంచే పుస్తకానికి అంటిస్తాను, చేతిలో పట్టుకుంటే గుచ్చుకోకుండా ఉంటుందని. మీరు తారుమారుగా చేసినా ఇబ్బంది లేదు గానీ, ఇంట్లో ఒక రకంగా, బడిలో మరో రకంగా అంటిస్తే ఇంటి కార్డు బడి పుస్తకానికి అంటుకోదు. ఇంత చిన్న విషయం వల్ల నెలరోజులు ఆగిపోయిన పనులు ఉన్నాయి. కార్డులు మూడు జతలు చేయించాలి: ఇంటికి ఒకటి, బడికి ఒకటి, సంచిలో తిరగడానికి ఒకటి. ఫోటోలన్నీ ఫోనులో ఒకే చోట దాచుకుంటే, పోయిన కార్డు మర్నాటికల్లా మళ్లీ వస్తుంది. పోతాయి కూడా, దాని గురించి పిల్లవాడిని కోప్పడకూడదు.

అడగడం నేర్పేటప్పుడు

మొదట ఇద్దరు పెద్దలు ఉండాలి. ఒకరు పిల్లవాడికి ఎదురుగా అతనికి ఇష్టమైన వస్తువుతో కూర్చుంటారు, ఉదాహరణకు అరటిపండు ముక్కలతో. రెండోవారు వెనక కూర్చుంటారు. పిల్లవాడు పండు కోసం చేయి చాచగానే, వెనకనున్నవారు ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఆ చేతిని కార్డు మీదికి మళ్లించి, దాన్ని తీసి ఎదుటివారి అరచేతిలో పెట్టిస్తారు. ఎదుటివారు ఆ క్షణమే "అరటిపండు!" అని పలికి ముక్క ఇస్తారు. "ఏం కావాలి? చెప్పు, చెప్పు" అని మొదట్లో అడగకూడదు. అలా అడిగితే పిల్లవాడు మన ప్రశ్న కోసం ఎదురుచూడడం నేర్చుకుంటాడు. మనకు కావలసింది అతనే మొదలుపెట్టడం. వెనకనుంచి ఇచ్చే సాయాన్ని రోజురోజుకీ తగ్గించి, తర్వాత కొంచెం దూరం జరగాలి. వంటింట్లో ఉన్న అమ్మను వెతుక్కుంటూ కార్డు పట్టుకుని వచ్చిన రోజు అతనికి అడగడం వచ్చినట్టు. రెండు కార్డుల్లోంచి ఒకటి ఎంచుకోవడం ఆ తర్వాతి సంగతి.

మన ఇళ్లలో పిల్లవాడు నోరు తెరవకముందే అన్నీ అందుతాయి. దాహం వేస్తుందని నీళ్లు, ఆకలి వేస్తుందని ముద్ద. తల్లి మనసు అంతే, దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ అడిగే అవసరమే రాకపోతే అడగడం ఎందుకు నేర్చుకుంటాడు? ఇష్టమైనదాన్ని ఒకేసారి గిన్నె నిండా పెట్టకుండా కొంచెం కొంచెంగా ఇస్తే ఒక్క పూటలో పదిసార్లు 'ఇంకా' అడిగే అవకాశం వస్తుంది. ఆకలితో ఉంచి అడిగించడం మాత్రం ఎంతమాత్రం చేయకూడదు.

రెండు కార్డులు కలిపి వాక్యం చేసే దశకు వచ్చినప్పుడు తెలుగు వరసను మరిచిపోకండి. ఇంగ్లీషు పుస్తకాలు చూసి తయారు చేసిన పట్టీల్లో 'కావాలి' అనే బొమ్మ ముందు వస్తుంది, వస్తువు తర్వాత వస్తుంది. మనం "ఇడ్లీ కావాలి" అంటాం. వస్తువు ముందు, 'కావాలి' చివర పెడితే పిల్లవాడు రోజూ చెవితో వినే వరసా, కంటితో చూసే వరసా ఒకటవుతాయి. బడిలో ఇంగ్లీషు వరసే వాడతామంటే కనీసం ఇంటివారికి ఆ సంగతి తెలియాలి.

పెద్దలు కూడా కార్డులతో మాట్లాడాలి. "అన్నం తిందామా" అంటూ అన్నం బొమ్మ మీద వేలు పెట్టాలి, "అమ్మకి కోపం వచ్చింది" అంటూ కోపం బొమ్మ చూపాలి. తన భాషను చుట్టూ ఎవరూ మాట్లాడకుండా ఏ బిడ్డా భాష నేర్చుకోలేదు. మనం చెప్పడం అయ్యాక మనసులో పది అంకెలు లెక్కపెట్టుకుని ఆగాలి. ఆ పది అంకెలూ చాలా పొడవుగా అనిపిస్తాయి, అయినా ఆగాలి.

రోజు పట్టీ, మార్పు కార్డు

ఆ పూటకు జరగబోయే పనుల బొమ్మలను వరసగా ఒక పట్టీ మీద అంటించి, అయిన పని బొమ్మను పిల్లవాడి చేతనే తీయించి 'అయిపోయింది' సంచిలో వేయించడం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 'ముందు ఇది, తర్వాత అది' అని రెండు గడులే ఉన్న పలక ఇంకా తేలిక. తర్వాత గడిలో పెట్టినదాన్ని తప్పకుండా ఇవ్వాలి. ఒకసారి మాట తప్పితే ఆ పలకను పిల్లవాడు నమ్మడు.

విశాఖలో ఈ పట్టీకి అసలు పరీక్ష రోజువారీ పనుల్లో కాదు, మార్పుల్లో వస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందంటే రాత్రికి రాత్రే బడులకు సెలవు ప్రకటిస్తారు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. సాధారణంగా ఉదయం 7:45 నుంచి 12:30 వరకు. స్నానం, టిఫిను, ఆటో అన్నీ ముందుకు జరిగి, సాయంత్రం దాకా ఖాళీ మిగులుతుంది. యూనిఫాం వేసుకుని తలుపు దగ్గర నిలబడిన పిల్లవాడికి "ఈ రోజు సెలవు" అన్న మాట ఏ విధంగానూ చేరదు. అందుకని మెరిసే రంగులో ఒక 'మార్పు' కార్డు చేసుకోవాలి. దాన్ని మొదటిసారి తుపాను రోజున బయటికి తీస్తే అది భయం కార్డు అవుతుంది. ముందుగా మంచి మార్పులతో అలవాటు చేయాలి: లెక్కల గంట బొమ్మ మీద 'మార్పు' అంటించి, పక్కన ఉయ్యాల బొమ్మ పెట్టడం; ఉప్మా బదులు పూరీ. అలా పది పదిహేనుసార్లు అయ్యాక, బడి బొమ్మ మీద 'మార్పు' వేసి పక్కన వాన, ఇల్లు, అమ్మ బొమ్మలు పెడితే పిల్లవాడు ఏడవవచ్చు, కానీ ఏం జరుగుతోందో అతనికి తెలుస్తుంది. సెలవు ప్రకటన వచ్చిన రాత్రే ఆ పట్టీని మార్చి పెట్టుకోవాలి. ఒంటిపూట బడులకైతే వారం ముందునుంచి కొత్త పట్టీని గోడ మీద పాతదాని పక్కనే ఉంచాలి.

బడి విహారయాత్రలకు కూడా ఇలాగే ముందుగా సిద్ధం చేయవచ్చు. కొత్త పరిస్థితిని పిల్లవాడికి అర్థమయ్యే చిన్న కథగా రాసి చూపించే పద్ధతిని కరోల్ గ్రే 1991లో రూపొందించారు. బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి మ్యూజియాన్నే తీసుకోండి. 2002 నుంచి సందర్శకులు చూస్తున్న ఆ ఓడ దాదాపు 91 మీటర్ల పొడవు ఉంటుంది; ఒకవైపు మెట్లెక్కి లోపలికి వెళ్లి, ఇరుకైన దారిలో యంత్రాల మధ్యగా నడిచి, మరోవైపు దిగాలి. ఇంటివారు ఒక ఆదివారం వెళ్లి బయటి నుంచి ఓడ, టికెట్టు కౌంటరు, ఎక్కే మెట్లు, దిగే మెట్లు, ఎదురుగా ఇసుక ఫోటోలు తీసి పంపితే, "మెట్లు ఎక్కుతాం. లోపల ఇరుకుగా ఉంటుంది. చెవులు మూసుకోవచ్చు. మెట్లు దిగుతాం. ఇసుకలో ఆడతాం" అని అయిదు పేజీల పుస్తకం తయారవుతుంది. యాత్రకు ముందు వారమంతా ఇంట్లో ఒకసారి, బడిలో ఒకసారి చదివితే చాలు.

కబుర్ల పట్టీ

ఇక సంచిలో తిరగవలసిన ముఖ్యమైన వస్తువుకు వద్దాం. చేయెడు పొడవున్న గట్టి ప్లాస్టిక్ పట్టీ ఒకటి తీసుకుని, ఒక పక్క 'బడిలో', రెండో పక్క 'ఇంట్లో' అని రాసి బొమ్మలు అంటించాలి. రెండు పక్కలా నాలుగేసి గడులు: ఏం చేశాను, ఎవరితో, ఏం తిన్నాను, ఎలా ఉంది. బడి వదిలే ముందు అయిదు నిమిషాలు టీచరో ఆయానో పిల్లవాడితో కూర్చుని, రెండు మూడు కార్డులు ముందు పెట్టి, అతని చేతనే ఎంపిక చేయించి పట్టీకి అంటించాలి. టీచరు ఒక్కరే తోచినవి అంటించి పంపితే అది మళ్లీ పెద్దల ఉత్తరమే అవుతుంది. 'ఎలా ఉంది' గడిలో 'బాగుంది' ఒక్కటే ఉంచకూడదు. 'నచ్చలేదు', 'గోల', 'భయం' కూడా అందుబాటులో ఉండాలి. పిల్లవాడు 'నచ్చలేదు' అంటిస్తే ఇంటివారు బడిని నిలదీయకూడదు, టీచరు ఆ కార్డును మార్చకూడదు. ఈ ఒప్పందం ముందే ఉంటే తప్ప పట్టీలో నిజం ఉండదు.

ఇంట్లో అమ్మ సంచి తెరిచి తానే చదివేసి "ఓహో, చిక్కీ తిన్నావా" అనేయకుండా, పట్టీని పిల్లవాడి చేతికే ఇచ్చి ఆగాలి. అతను మొదటి కార్డు మీద వేలు పెడితే, "ఆటస్థలం. ఆడావు" అని పలికి, తన వేలు రెండో గడి మీద పెట్టి ఎదురుచూడాలి. నాన్న వచ్చాక మళ్లీ అదే పట్టీతో నాన్నకు చెప్పించాలి. ఒకే కబురు ముగ్గురికి చెప్పడం అతనికి కావలసిన సాధన, పైగా ఇంట్లో అందరు పిల్లలూ చేసే పని. మర్నాడు ఉదయం రెండో పక్క నింపి పంపితే టీచరుకి మాట్లాడడానికి ఒక విషయం దొరుకుతుంది.

బొమ్మలకంటే ముందుగా పిల్లల్ని మాట్లాడించేవి కొన్ని ఉన్నాయి: బీచ్‌లో ఏరిన గవ్వ, జూపార్కు టికెట్టు, సింహాచలం ప్రసాదం కట్టిన కాగితం, బడిలో ఎండిన రంగుల కాగితం ముక్క. వాటిని జిప్ ఉన్న చిన్న కవరులో పట్టీతోపాటు పెట్టండి. నా దగ్గర నేర్చుకున్న ఒక పాప కార్డులను నెలల తరబడి పట్టించుకోలేదు. ఒక సోమవారం తడి ఇసుక అంటిన గవ్వను కవరులోంచి తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్లను తన చేత్తో మూసింది. నేను పుస్తకంలో సముద్రం ఫోటో తెరిచాను. దాని పక్కనున్న 'నాన్న' కార్డు పీకి గవ్వ మీద పెట్టింది. ఆదివారం నాన్నతో సముద్రం దగ్గరికి వెళ్లిందన్న సంగతి డైరీలో ఎవరూ రాయలేదు.

వద్దు అనే హక్కు

'వద్దు', 'చాలు', 'ఆపు' కార్డులను చాలా బళ్లు ఆలస్యంగా ఇస్తాయి, కొన్ని అసలు ఇవ్వవు. ఇస్తే ప్రతిదానికీ వద్దంటాడని భయం. మొదట్లో అంటాడు కూడా. అయినా కార్డు చూపించి వద్దన్న పిల్లవాడు పుస్తకం విసిరేసి వద్దన్న పిల్లవాడికంటే ఎంతో ముందున్నాడు. తప్పనిసరి పనులైతే "వద్దంటున్నావు, విన్నాను, ముందు మందు, తర్వాత ఉయ్యాల" అని పట్టీ మీద చూపాలి.

నొప్పి చెప్పడానికి మనిషి శరీరం మొత్తం బొమ్మ ఒకటి ఉండాలి. అందులో కడుపు, చెవి, పన్నుతోపాటు బట్టల లోపలి అవయవాలూ ఉండాలి, వాటికి పేర్లూ ఉండాలి. సిగ్గుపడి వాటిని తీసేస్తే, ఎవరైనా తాకినా బాధపెట్టినా ఆ బిడ్డకు చెప్పే మార్గం ఉండదు. దీన్ని నేను ప్రతి కుటుంబానికీ మొదటి నెలలోనే చెబుతాను.

కార్డుల పుస్తకాన్ని శిక్షగా లాక్కోవడం ఎప్పటికీ చేయకూడని పని. అల్లరి చేసిన పిల్లవాడి నోటికి మనం ప్లాస్టర్ వేయం, ఇదీ అంతే.

బడివారితో మాట్లాడేటప్పుడు

ఒక బడిలో ఇంటినుంచి వచ్చిన కార్డుల పుస్తకం పాడవకూడదని భద్రంగా బీరువాలో పెట్టి తాళం వేశారు. దాని వెనక ఉన్నది దురుద్దేశం కాదు; అది వస్తువు కాదని, పిల్లవాడి నోరని ఎవరూ వారికి చెప్పలేదు. మొదటి రోజే ఆ సంగతి క్లాసు టీచరుకే కాక ఆయాకు, ఆటో నడిపే అన్నయ్యకు కూడా చెప్పి, ఒక్కసారి వారి చేతిలో కార్డు పెట్టించి చూపాలి. 'బాత్రూం', 'సాయం', 'చాలు' కార్డులను ఐడీ కార్డు తాడుకి తగిలిస్తే ఆటస్థలంలోనూ అవి అతనితో ఉంటాయి. నలభైమంది పిల్లలున్న తరగతిలో టీచరుకి తీరిక ఉండదు. కాబట్టి రోజుకి అయిదు నిమిషాలే అడగండి, ఆ అయిదు నిమిషాలనూ వదులుకోకండి. శనివారం పది నిమిషాలు ఫోనులో మాట్లాడుకుని, ఏ కార్డు తనంతట తానుగా వాడాడో, ఏది ముట్టుకోలేదో చూసి రెండు మార్చితే చాలు. వాట్సాప్‌లో ఫోటోలు పంపుకునేటప్పుడు ఇతర పిల్లల ముఖాలు కనబడకుండా జాగ్రత్తపడాలి.

అడగడానికి మొహమాటపడే తల్లిదండ్రులు ఒక విషయం తెలుసుకోవాలి. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం-2016 ఆటిజాన్ని 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. మాట్లాడడంలో ఇబ్బంది ఉన్నవారి రోజువారీ అవసరాల కోసం మాటకు తోడ్పడే, మాటకు బదులుగా నిలిచే సంభాషణ పద్ధతులను విద్యలో ప్రోత్సహించాలని దాని 17వ సెక్షన్ చెబుతోంది. అంటే మీరు అడుగుతున్నది చట్టంలో ఉన్నదే. ప్రభుత్వ బడుల పిల్లలకైతే సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల ఉపాధ్యాయుల సాయం అడగవచ్చు.

చెన్నైలో రూపొందిన ఆవాజ్, ఐఐటీ బాంబేలో రూపొందిన జెల్లో వంటి యాప్‌లు బొమ్మ నొక్కితే మాట పలుకుతాయి. మాటల సంఖ్య పెరిగిన పిల్లలకు అవి ఎంతో మేలు. ఫోను చార్జింగు అయిపోయినప్పుడు, వాన కురుస్తున్నప్పుడు, ఇసుకలో ఆడుతున్నప్పుడు మాత్రం కాగితం కార్డులే పనికొస్తాయి కాబట్టి వాటిని పక్కన పడేయకండి. పాటలు చూసే ఫోనూ, మాట్లాడే ఫోనూ వేరుగా ఉంటే మరీ మంచిది.

వేసవి సెలవులకు బడి మూసేముందు మరొక పని ఉంది. జూన్‌లో తరగతి మారుతుంది, టీచరు మారతారు, ఒక్కోసారి బడే మారుతుంది. ఏప్రిల్‌లోనే పాత టీచరుతో కూర్చుని ఒక పేజీ రాయించుకోండి: ఇతను ఏయే కార్డులు తనంతట తాను వాడతాడు, కొత్త కార్డు ఎలా నేర్చుకుంటాడు, కార్డు లేకుండా చేతులతో ముఖంతో ఏమేం చెబుతాడు, ఏ శబ్దానికి చెవులు మూసుకుంటాడు. కొత్త టీచరు ఫోటో, కొత్త గది ఫోటో సంపాదించి సెలవుల్లో చివరి పది రోజులూ రోజు పట్టీ పక్కన ఉంచండి. బడి తెరిచిన ఉదయం ఆ పేజీనీ, పుస్తకాన్నీ సంచిలో పెట్టి, పుస్తకాన్ని కొత్త టీచరుకు పిల్లవాడి చేతనే ఇప్పించండి.